బ్లీచింగు వాసన

కోడూరు నుంచి సముద్రం వైపు వెళ్లే బస్సుకు ఆఖరి ఊరు అది. అక్కడ మంచినీళ్ల ట్యాంకు చూసుకునేది మాబు. పంతొమ్మిదేళ్లుగా అదే పని. బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి కాబట్టి, కాలవ నీళ్లు చెరువులోకి పట్టి, ఇసుక ఫిల్టరు మీదుగా ట్యాంకుకెక్కించి కుళాయిలకు వదలాలి. ఆ నీళ్లంటే మాబుకు ఎంత ప్రేమంటే, చెరువులో గేదెను దించితే సొంత బావమరిదినైనా సరే ఊరవతల దాకా తిట్టుకుంటూ తరిమేవాడు.

లోపం ఒక్కటే, చెయ్యి మరీ ధారాళం. పనిలో చేరిన ఏడాదే ఊరంతా విరేచనాలు పట్టుకుంటే, జనాన్ని ఆటోల్లో వేసుకుని ఆసుపత్రికి తిప్పాడు. ఆ భయం అతన్ని వదల్లేదు. కాలవ నీళ్లు ఆకుపచ్చగా కనిపిస్తే చాలు, ఫిల్టరు దాకా ఆగకుండా చెరువులోనే బ్లీచింగు బస్తా కుమ్మరించేవాడు. ఊరిది కూడా ముక్కుతో నమ్మే తత్వమే. వాసన గుప్పుమంటే "మాబు ఇవాళ బాగా వేశాడు" అనుకుని నిశ్చింతగా తాగేవారు. భార్య జోహ్రా మాత్రం "మన టీలో యాలక్కాయ దండగండీ" అని ఎత్తిపొడిచేది.

మొన్న వేసవిలో, కాలవలు కట్టేసే ముందు, నీళ్లు పరీక్ష చేసే రేవతి గుడివాడ నుంచి వచ్చింది. కాయితం చూపించి నెమ్మదిగా చెప్పింది.

"మందు మానొద్దు బాబాయ్ గారూ, మానితే మళ్లీ విరేచనాలే. కానీ నాచూ కుళ్లిన ఆకూ ఉన్న నీళ్లలో వేస్తే, ఆ కుళ్లుతో క్లోరిన్ కలిసి వేరే పదార్థాలు పుడతాయి. ఇవాళ తాగితే రేపేం కాదు. ఏళ్ల తరబడి తాగితే మంచిది కాదు. ముందు నాచు తీయించండి, ఇసుక కడిగించండి, ఫిల్టరు దాటాక కొలిచి వెయ్యండి."

ఆ పూట మాబు అన్నం ముట్టలేదు. తాను కాపాడుతున్నాననుకున్న జనమంతా ఒక్కొక్కరే గుర్తొచ్చారు. పాపం, అంత మంచివాడికి ఎంత కష్టం! మర్నాడు మొలలోతు దిగి నాచు లాగాడు, ఇసుక కడిగాడు, నీళ్లలో క్లోరిన్ ఎంతుందో రంగులో చూపించే చుక్కల మందు రేవతి ఇస్తే, ఆ రంగు చూసి చూసి పౌడరు కొలిచాడు. వారం తిరిగేసరికి నీళ్లు తేటగా వచ్చాయి. వాసన దాదాపు లేదు.

చిక్కు అక్కడే వచ్చింది. చేపలమ్మే కోటమ్మ కుళాయి దగ్గర నీళ్లు పుక్కిలించి ఊసి, అందరి ముందూ అడిగేసింది.

"ఏం తమ్ముడూ, రొయ్యల చెరువులోళ్లకి పౌడరు అమ్మేసుకుంటున్నావా?"

ఆ చెరువులకూ అదే పౌడరు వాడతారు మరి. మాబు ముఖం మాడిపోయింది. ఇన్నేళ్లలో ఎవరూ అతని వైపు వేలెత్తి చూపలేదు. ట్యాంకు గదిలోకి వెళ్లి పౌడరు డబ్బా అందుకున్నాడు. రెండు గుప్పెళ్లు ఎక్కువేస్తే సాయంత్రానికి మంచిపేరు తిరిగొస్తుంది. మూత కూడా తీశాడు. మళ్లీ మూత బిగించి బయటికొచ్చాడు.

"అమ్ముకోలేదక్కా. ఇన్నాళ్లూ మురికినీళ్లలో బస్తాలు పోసి తప్పు చేశాను. ఆ నీళ్లు మీకు మంచివి కావంట. తెలీక నేనే మీ అందరిచేతా తాగించాను," అన్నాడు.

కోటమ్మ తన బిందె అందుకుంది.

"దొంగవైతే ఈ మాట నోట్లోంచి రాదులే," అని బిందె కుళాయి కిందికి తోసింది. "నిండా పట్టు తమ్ముడూ. మా పసిదానికి పాలపొడి కలపాలి."