పెద్దమ్మ ప్రార్థనా, నా ఫైర్‌వాలూ

ఈ సంగతి నేను రాసిపెట్టకపోతే, మా చర్చిలో ఇప్పుడు చెలామణిలో ఉన్న కథే చరిత్రగా మిగిలిపోతుంది. అందులో నా పాత్ర ఒక్క వాక్యం. లైబ్రరీ పుస్తకానికి అదీ లేదు. పుస్తకానికి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికే రాస్తున్నాను (నా కోసం కాదు, నమ్మండి).

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదు. డిగ్రీ అయింది, ఉద్యోగం లేదు. మా కార్ఖానా బస్తీ నుంచి రోజూ బస్సెక్కి లైబ్రరీకి పోయి, ఫ్యాను కింది కుర్చీ కోసం పోటీపరీక్షల వాళ్లతో పోట్లాడి, సర్వర్ల మీద అక్కడున్న ఒకే ఒక్క లావుపాటి పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. ఎక్కడో ఉన్న కంప్యూటరును మౌసు ముట్టకుండా, నల్ల తెర మీద ఆజ్ఞలు టైపు చేసి నడపవచ్చని తెలిశాక నా కాళ్లు నేల మీద నిలవలేదు. మా చర్చి వెబ్‌సైటు అలాంటి కంప్యూటరు మీదే ఉండేది. దాన్ని చూసుకునే అన్నయ్య పెళ్లయి బొల్లారం వెళ్లిపోగానే (అదేదో వేరే ఖండమన్నట్టు) ఆ బాధ్యత అడిగి మరీ తీసుకున్నాను.

అది క్రిస్మస్ క్యారల్స్ మొదలయ్యే రోజు. పాటల బృందం ఏ సాయంత్రం ఎవరింటికి వస్తుందో సైటులో పెట్టేవాళ్లం. అది చూసుకునే ఇళ్లలో గులాబీ పువ్వుల పిండి కలిపేవారు. మధ్యాహ్నం ఆ పట్టిక ఎక్కించి ఊరుకుంటే సరిపోయేది. కానీ చర్చి ఆఫీసులో నా వెనక బేస్ అంకుల్ నిలబడి ఉన్నారు (పాటలోనే కాదు, మాటలోనూ ఆయనది ఆ బరువైన గొంతే). ఆయనకు నా విద్య చూపించాలని ఫైర్‌వాల్ అధ్యాయం తీశాను. సర్వర్‌లోకి అక్కర్లేని దారులు మూసి, కావలసినవి తెరిచి ఉంచాలి. మూయడం మూశాను, తెరవడం మరిచాను. సైటు మాయం. నేను లోపలికి వెళ్లే దారీ మాయం.

"ఏందిరా, గట్ల గుడ్లప్పగించి చూస్తున్నవ్?"

"తాళంచెవి లోపల పెట్టి తలుపేశాను అంకుల్. పర్లేదు, ముందే టైమర్ పెట్టా. పావుగంటలో ఫైర్‌వాల్ దానంతటదే ఆగిపోతుంది. పుస్తకంలో అలాగే చేయమన్నారు."

"నీ పుస్తకం పాడుగాను! జనం అప్పుడే ఫోన్లు షురూ చేసిండ్రు. సర్వర్ కంపెనీకి ఫోన్ కొడ్త, దాచిన కాపీ పెడ్తరు."

దాచిన కాపీ పోయిన క్రిస్మస్‌ది. అది పెడితే ఊరంతా పాత తేదీలకు వంటలు చేసుకుని కూర్చుంటుంది. సైటు బాధ్యత నాకిక దక్కదు. అంకుల్ ఫోను తీశారు. సరిగ్గా అప్పుడే టీ ఫ్లాస్కుతో మా పెద్దమ్మ వచ్చింది. పెద్దమ్మ ప్రార్థన మొదలుపెడితే బిర్యానీ చల్లారాల్సిందే. ఆ మధ్యలో ఫోను ముట్టే ధైర్యం ఎవరికీ లేదు.

"పెద్దమ్మా, సైటు ఆగిపోయింది. కాస్త ప్రార్థన చెయ్యవా?"

ఆవిడ ముఖం వెలిగిపోయింది. కొంగు తల మీదికి లాక్కుని, "కళ్లు మూసుకోండి" అంది.

సృష్టితో మొదలైంది. జలప్రళయం వచ్చి తగ్గింది. ఎర్రసముద్రం దగ్గర ఒక కన్ను తెరిచి గడియారం చూశాను, పావుగంటలో ఇంకా సగమే. అంకుల్ గొంతు సవరించుకున్నారు. వెంటనే ఆయన షుగరునూ, మోండా మార్కెట్‌లో కాలు బెణికిన ఎవరో చెల్లెమ్మనూ ప్రభువుకు అప్పగించింది. చివర్లో గొంతు తగ్గించి, "ప్రభువా, ఈ బిడ్డ ఒక్కడే కూర్చుని చదువుకున్నాడు. నలుగురిలో సిగ్గుపడనివ్వకు" అంది. మళ్లీ గడియారం చూడాలనిపించలేదు.

ఆమెన్ అన్నాక పేజీ తెరిస్తే పట్టిక కనిపించింది.

"వాహ్ అక్కా! జబర్దస్త్!" అన్నారు అంకుల్.

"అది టైమర్ అంకుల్! పుస్తకంలో ఉంది!"

"ఆ పుస్తకం నీ చేతికి ఎవరందించార్రా?" అంది పెద్దమ్మ టీ పోస్తూ.

(లైబ్రరీ మేడం. కానీ నేను టీ అందుకున్నాను.) ఆ తర్వాత మా చర్చిలో ప్రింటరు మొరాయించినా ఆవిడకే కబురు వెళ్లేది.

ఇప్పుడు ఒక ఆఫీసులో బోలెడు సర్వర్లు చూసుకుంటున్నాను. నాకోసం కళ్లు మూసుకునేవాళ్లు అక్కడ లేరు. పై అరలోని పుస్తకాన్ని స్టూలెక్కి తీసిచ్చిన లైబ్రరీ మేడంకు, నమ్మి అప్పగించిన బొల్లారం అన్నయ్యకు, ఫోను జేబులో పెట్టేసిన బేస్ అంకుల్‌కు కృతజ్ఞతలు. అందరికన్నా మా పెద్దమ్మకు. మొన్న ఆ పుస్తకంలో టైమర్ గురించి ఉన్న పేజీ జిరాక్సు తీసుకెళ్లి ఇచ్చాను (ఈ వయసులోనూ!). కళ్లద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివి, "ఒక్క ముక్క అర్థం కాలేదు నాన్నా. కానీ చాలా బాగుంది" అంది.