దయ్యం అడిగిన మాట

మా చిన్నాన్న ఆదిమూలాన్ని ఇప్పుడు చూస్తే మీకు నవ్వొస్తుంది. వైట్ టౌన్‌లో ఒక గెస్ట్ హౌస్ గేటు దగ్గర, తన ఒంటికి బాగా పెద్దదైన యూనిఫాం వేసుకుని, వచ్చే ప్రతి కారుకీ సలాం కొడుతుంటాడు. ఈ మనిషిని చూసి కాదు, ఈ మనిషి గొంతు విని ఒకప్పుడు సగం పాండిచ్చేరి కేకలు పెట్టిందంటే ఎవరూ నమ్మరు. నేను చెబుతున్నాను కదా, నమ్మండి.

కాలాపేట దాటాక సముద్రం వైపు ఒక చిన్న పార్కు ఉండేది. జెయింట్ వీల్, డాషింగ్ కార్లు, ఒక దయ్యాల ఇల్లు. ఆ ఇంట్లో దయ్యం మా చిన్నాన్నే. జీతం, వారానికో సెలవు ఉన్న దయ్యం.

బయటి నుంచి కోటలా కనిపించేది గానీ, లోపల మా వీధి కల్యాణ మండపమంత కూడా ఉండదు. జనం కూర్చునే చిన్న బండ్ల పట్టాలను మెలికలు తిప్పి, ఒకే గదిని ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి చూపిస్తే, జనం ఎంతో దూరం వచ్చామనుకునేవాళ్లు. చల్లటి శ్మశానపు గాలి అంటే ఫ్యాను ముందు కట్టిన తడి గోనెసంచి. లేచి నిలబడే అస్థిపంజరం సైకిల్ చైను మీద నడిచేది. ఇవన్నీ చిన్నాన్న అన్నం తింటూ చెబుతుంటే నేను నా అన్నం మరిచిపోయేదాన్ని.

"అస్థిపంజరానికి ఎవురూ బయపడరు భువనా. అరుస్తారు, నవ్వేస్తారు. అది అయిపోయినంక కొంచెం కాళీ చోటు ఇడవాల. అమ్మయ్య అనుకుంటారు సూడు, ఆడ ఉండాల దయ్యం" అనేవాడు.

ఆ ఖాళీ మలుపులో, రేకు వెనక, నల్ల బట్టలు కట్టుకుని నిలబడేవాడు చిన్నాన్న. స్విచ్చు దగ్గర చంద్రన్ ఉండేవాడు. చంద్రన్ మా వీధివాడే, వాళ్లింట్లోనూ మాలాగే తెలుగు. వాళ్లమ్మ పనికి పోతే మా ఇంట్లో తిని పెరిగాడు. పార్కులో పని ఇప్పించింది కూడా చిన్నాన్నే. బండ్లను లాగే చైను తిరుగుతున్నంత సేపూ అవి వస్తూనే ఉంటాయి, మనుషులున్నవీ, ఖాళీవీ. ఖాళీ బండికి గొంతు పాడుచేసుకోవడం ఎందుకని ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. మనుషులున్న బండి వదిలితే చంద్రన్ రేకు మీద రెండు దెబ్బలు కొట్టాలి. ఖాళీదైతే కొట్టకూడదు.

మొదట్లో చిన్నాన్న అందరు దయ్యాల్లాగే 'హా' అని అరిచేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. ఒకరోజు పార్కు మూసే వేళ రెండు దెబ్బలు పడితే, పట్టాలు చూసుకోవడానికి చంద్రనే బండెక్కి వస్తున్నాడనుకున్నాడు. మా అవ్వ గడప దాటిన ప్రతి మనిషినీ అడిగే మాటే, అదే మెత్తదనంతో, చీకట్లోంచి అడిగాడు.

"వచ్చినావా కన్నా? తిన్నావా?"

వచ్చింది చంద్రన్ కాదు, యూనివర్సిటీ అమ్మాయిలు. తెలుగు ముక్క రాదు. వాళ్ల కేకలు రోడ్డు మీది బస్సుకు వినబడ్డాయట. మర్నాడు స్నేహితురాళ్లనందరినీ వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. తెలియని భాషలో, కనిపించని మనిషి, అంత ప్రేమగా చెవి పక్కన పలకరిస్తే భయం వేయదూ? ఆ రోజు నుంచి చిన్నాన్నకు అదే మంత్రం. ఒక్కసారి మాత్రం కడప నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడెవరో, "లేదు మామా, ఆకలి చంపుతా ఉంది" అని బండిలోంచి జవాబిచ్చాడు. దయ్యం బయటికొచ్చి తన టిఫిన్ బాక్సు ఇచ్చి పంపింది.

తర్వాత యజమాని స్థలం అమ్మేశాడు, పార్కు మూతపడింది. చివరి రోజు చంద్రన్ ఫోనులో రికార్డు పెట్టి, "జ్ఞాపకానికి ఉంటాది, ఆ మాట ఒకసారి చెప్పు మామా" అన్నాడు. చెప్పాడు. "ఇంకొంచెం నిదానంగా" అన్నాడు. చెప్పాడు. "ఈసారి ఫ్యాను ఆపి" అన్నాడు. "జ్ఞాపకానికి ఇన్నిసార్లు ఏందిరా!" అని నవ్వుతూనే చెప్పాడు మా పిచ్చి చిన్నాన్న.

చంద్రన్‌కు ఊరి బయట కొత్త మాల్‌లో, అక్కడి దయ్యాల ఇంట్లోనే పని దొరికింది. చిన్నాన్నకు ఆశ పుట్టింది. గేటు దగ్గర నిలబడడం ఆయనకు పని కింద లెక్క కాదు. చీకట్లో తన మలుపు తనకు కావాలి. కనబడినప్పుడల్లా, "నాకూ ఆడ చూడరా" అని అడిగేవాడు.

"ఇప్పుడంతా మిషన్లే మామా. మనిషి దయ్యం వద్దంటుండారు" అనేవాడు చంద్రన్, చెప్పు సరిచేసుకుంటూ.

పోయిన నెల మా అమ్మాయి ప్రీతిక పుట్టినరోజుకు చిన్నాన్ననూ తీసుకుని ఆ మాల్‌కి వెళ్లాం. దయ్యాల ఇల్లు ఎక్కాలని పాప పట్టుబట్టింది. ముగ్గురం ఒకే బండిలో కూర్చున్నాం. అస్థిపంజరం లేచింది, పాప అరిచి నవ్వింది. తర్వాత చీకటి, ఏమీ లేని మలుపు. చిన్నాన్న సంబరంగా నా చెవిలో, "సూడు, కాళీ చోటు ఇడిచినారు. ఎవుడో తెలిసినోడే కట్టినాడు" అన్నాడు.

"వచ్చినావా కన్నా? తిన్నావా?" అంది చీకటి, ఆయన గొంతుతోనే.

"తిన్నా తాతా! ఐస్‌క్రీం తిన్నా!" అని పాప హుషారుగా జవాబిచ్చింది. ఆ తర్వాతే పక్కకు తిరిగి, నోరు మూసుకుని కూర్చున్న తాతను చూసింది. "నువ్వు ఈడుండావు కదా, ఆడెవురు?" అంది. మా వెనక బండిలో వాళ్లనూ అదే గొంతు అదే మాట అడిగింది.

బయటికి వస్తే స్విచ్చు దగ్గర చంద్రన్. మమ్మల్ని చూసి లేచాడు.

"మామా, నీకు చెప్దామనే... వయసయినోళ్లు వద్దన్నారు. గొంతన్నా ఉండనీ అనుకున్నా."

"మా ఇంటి అన్నం తిన్న నోటితో ఆ మాట ఎట్ల వస్తాదిరా?" అని నేను అందరి ముందూ అరిచేశాను. నాకు సిగ్గేమీ వేయలేదు.

చిన్నాన్న అరవలేదు. "అడిగుంటే ఇచ్చుండేవాణ్ణి గదరా" అన్నాడు, అంతే.

పార్కు మూసినప్పుడు కూడా ఆయన ఇంతగా కుమిలిపోలేదు. పాప బడి నుంచి రాగానే 'తిన్నావా' అని అడిగే మనిషి, ఇప్పుడు చేత్తో కంచం చూపిస్తున్నాడు. ఆ మాట నోటికి రావడం లేదు. పెంచిన చేతిని కరిచినవాణ్ణి తిట్టుకోవడానికైనా నోరు తెరిస్తే నా మనసు కుదుటపడేది.

నిన్న ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చున్నాం. తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. గట్టిగా, వెంటవెంటనే. ఎవరో మాకు చెప్పనక్కర్లేదు. పాప వెంటనే తాత మొహం వైపు చూసింది. ఆ రెండు దెబ్బల తర్వాత ఏ మాట వస్తుందో తాత కథలు విని విని దానికీ తెలుసు.

"మామా, నేనే" అన్నాడు బయటి నుంచి చంద్రన్.

ఎంతైనా గడప దగ్గరికొచ్చిన మనిషి కదా అని నేను లేవబోయాను. చిన్నాన్న చారన్నం కలుపుతూ తల ఎత్తలేదు.

"కాళీ బండి భువనా. కూర్చుని తిను" అన్నాడు.