తిన్నె మీద బ్లాగు పారాయణం

మనసులో పుట్టిన ప్రతి తుమ్మునూ లోకానికి వినిపించాలనే జబ్బు ఈ కాలపు పిల్లలకే పట్టిందని మా ఆఫీసులో వాళ్ళు విసుక్కుంటుంటే నాకు నవ్వొస్తుంది. ఆ రోజుల్లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ జబ్బు నాకు బాగా ముదిరి ఉండేది. అప్పుడు దాని పేరు బ్లాగు. వాన పడితే ఒక టపా, పడకపోతే ఒక టపా. కాఫీ చల్లారితే జీవితం మీద వ్యాఖ్యానం. మిగిలిందంతా ఒక సినిమా గాయకుడి గొంతు మీద. ఆయన పేరు మాత్రం ఎక్కడా రాసేదాన్ని కాదు. పేరు పెట్టి పొగిడేది మామూలు అభిమానులట, నేను మామూలుదాన్ని కాదట! అందుకని అంతటా ‘నువ్వు’ అనే రాసేదాన్ని. ‘నీ గొంతు వినని రోజు నాకు తెల్లవారదు’, ఇదీ వరస. (తెల్లవారడం మాట అటుంచి, అమ్మ మొహాన నీళ్ళు కొడితే గానీ లేచేదాన్ని కాదు.)

మాది పుదుచ్చేరిలో ఒర్లియంపేట. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదవడం ఎవరికీ రాదు, బడిలో అందరిదీ తమిళమే. నేనొక్కదాన్నే పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. దాంతో నాకు కొమ్ములొచ్చాయి. ఏం రాసినా ఇంట్లో ఎవరికీ తెలియదన్న ధీమా కూడా వచ్చింది. ఆ ధీమాకి గండి కొట్టినవాడు మా మేడ మీద అద్దెకు దిగిన యానాం అన్న, సర్కారు ఉద్యోగంలో బదిలీ మీద వచ్చాడు. తెలుగు చదివే మనిషి ఒకడు దొరికాడు కదాని నేనే ఎగేసుకుంటూ వెళ్ళి నా బ్లాగు చూపించాను. “చాలా బాగుందమ్మాయ్,” అన్నాడు. దీన్ని ఎవరికీ చెప్పొద్దని అనడం నాకు తట్టలేదు, అదొక దాచుకునే సంగతని ఆయనకీ తట్టలేదు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా వీధి తిన్నె నిండా జనం. అవ్వ గోడకి ఆనుకుని ఉంది, అమ్మ కూర తరుగుతోంది, పక్కింటి అత్తలు వక్క నములుతున్నారు. మధ్యలో యానాం అన్న ఫోను పట్టుకుని, పురాణం చెప్పినట్టు నా బ్లాగు చదువుతున్నాడు!

“‘ఈ వాన నా లోపలి మౌనాన్ని తడిపేసింది’,” అన్నాడు గొంతు సవరించుకుని.

“ఏందప్పా అది, మౌనం తడిసేది?” అంది అవ్వ. “వానొస్తే ఏడస్తాది, ఎండ కాస్తే ఏడస్తాది. కడుపులో పురుగులుండాయేమో ఈ పిల్లకి. వేపాకు నూరి పొయ్యాల.”

“సుమ్మా ఉండత్తా, మధ్యలో అడ్డం రాకు,” అంది అమ్మ. “నువ్వు చదువు నాయనా.”

భూమి చీలితే అందులోకి పోదామని నేను చూస్తూ ఉండగానే అన్న కొత్త టపా అందుకున్నాడు. “‘శనివారం సాయంత్రం సముద్రం ఒడ్డున నీ ఎదుట నిలబడతాను. ఇల్లూ వాకిలీ మరిచి నీ వెంట వచ్చేస్తాను’.”

కత్తిపీట మీద అమ్మ చెయ్యి ఆగింది. వక్క నమిలే నోళ్ళూ ఆగాయి.

“ఎవడే వాడు?” అంది అమ్మ.

“అయ్యో, పాటలు పాడేవాడమ్మా! శనివారం బీచిలో ఆయన కచేరీ!”

“పాటలు పాడేవాడితో లేచిపోతావా?” అంటూ అమ్మ శోకాలు మొదలుపెట్టింది.

“అలా రాస్తారండీ పిన్నిగారూ, అదొక ఇదండీ...” అని యానాం అన్న సర్దబోయి, మరీ చెడగొట్టాడు.

అమ్మ వీధి తలుపుకి తాళం వేసింది. నా ప్రాణం గిలగిల్లాడింది. ఎందుకంటే, అంతకుముందే నా నోటి దూల ఒకటి ఉంది. నా ప్రతి టపా ఆ గాయకుడి పేజీకి పంపేదాన్ని. జవాబు రాకపోయినా, ‘ఆయన నావి ఒక్కటీ వదలకుండా చదువుతారు, నాకు తెలుసు’ అని నెట్‌లో తోటి అభిమానుల దగ్గర కోతలు కోశాను. శనివారం ఎదురుగా అడిగి, ఆయనేమన్నదీ రాస్తానని మాటిచ్చాను. వెళ్ళకపోతే మొహం ఎక్కడ పెట్టుకోను? అన్నం మానేశాను. చివరికి అవ్వే తీర్పు చెప్పింది. “తాళం తియ్యి. నేనూ పోతా. ఆ మొగోడెవడో చూస్తా.”

అలా జన్మకంతా గొప్ప సాయంత్రానికి నేను అవ్వనీ అమ్మనీ యానాం అన్ననీ వెంటేసుకుని బయల్దేరాను. ఆ గాయకుడు వేదిక మీదికొచ్చి, చెమట తుడుచుకుని, చేతులు చాచి, “పాండిచ్చేరీ, ఐ లవ్ యూ!” అన్నాడు. వేలమంది ఆడపిల్లలు ఒక్కసారే కేక పెట్టారు, నాతో సహా.

అవ్వ నా చెయ్యి గిల్లింది. “వీడు అందరికీ చెప్తా ఉండాడే! నీకొకదానికేనని రాసుకొనింటివే?”

నాకు ఒళ్ళు మండిపోయింది. కచేరీ అయ్యాక జనాన్ని తోసుకుంటూ ఆయన కారు దాకా వెళ్ళి నా బ్లాగు పేరు అరిచాను. ఆయన నవ్వి చెయ్యి ఊపాడు, నా పక్కనున్న స్తంభానికి కూడా అంతే ప్రేమగా ఊపాడు. అద్దం పైకి లేస్తోంది. అంతలో అవ్వ ముందుకొచ్చి అరచేత్తో ఆ అద్దం మీద టపటపా కొట్టింది. ముసలామెను చూసి ఆయనకి అద్దం దించక తప్పలేదు. అవ్వ తమిళంలో నిలదీసింది. “ఏమయ్యా, మా పిల్ల తిండి మాని నీ గురించి తెలుగులో రాస్తా ఉండాది. ఒక్క ముక్కన్నా చదివినావా?”

ఆయనది ఉత్తరాది. వచ్చీరాని తమిళంలో, పాపం మర్యాదగానే చెప్పాడు. “క్షమించండి అవ్వా. నాకు తెలుగు చదవడం రాదు. పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తే చూసి పాడతాను.”

“నాకూ రాదప్పా,” అంది అవ్వ. “అయినా మొత్తం వింటిని.”

కారు వెళ్ళిపోయింది. ఆటోలో నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే అమ్మ కొంగుతో నా ముక్కు తుడిచింది, చిన్నపిల్లకి తుడిచినట్టు. యానాం అన్న సముద్రం కేసి చూస్తూ కూర్చున్నాడు. అవ్వ మెల్లగా అడిగింది. “రేపేం రాస్తావు పాపా?”

“ఇంకేమీ రాయను! జన్మలో రాయను!”

“సెరి. ఏమీ రాయనని రాయి. అదైనా వింటాము.”

ఇప్పుడు నా రాతలకి ఫోనులో బొటనవేలు గుర్తు నొక్కి పోయేవాళ్ళు బోలెడు మంది. ఏ ఒక్కరూ చివరిదాకా చదవరని నాకు తెలుసు, వాళ్ళవి నేనూ చదవను. అప్పటి నాలోని ఆ పిల్ల మాత్రం కచేరీ మర్నాడు పొద్దున్నే, కళ్ళు ఉబ్బిపోయి, మూతి ముడుచుకుని కూర్చుని, ఇకమీదట తానేమీ రాయబోవడం లేదని రాసింది. అది ఎంత పొడుగు సాగిందంటే, ఆ సాయంత్రం తిన్నె మీద యానాం అన్న చదివి ముగించేసరికి దీపాలు పెట్టేశారు. ఒక్కరూ లేచి పోలేదు.