తొక్కకుండా దిగే దారి

ఒకప్పుడు స్నేహితులతో కలిసి సైకిల్ మీద హిమాలయాల్లో కుమావూఁ కొండలు ఎక్కానని చెబితే మా ఆఫీసు కుర్రాళ్లు నన్ను గౌరవంగా చూస్తారు. వాళ్ల కళ్లముందు గేర్ల సైకిళ్లు కదులుతుంటాయి కాబోలు. మావి నల్లటి ఇనప సైకిళ్లు. వెనక క్యారియరు, ముందు బెల్లు, రాడ్ బ్రేకులు. గేర్లన్న మాట మేం లారీల విషయంలో తప్ప వినలేదు. అలాంటి సైకిలు కొండ ఎక్కదు. దాన్ని తోసుకుంటూ మనమే ఎక్కాలి. ఆ వారంలో మేం ముఖ్యంగా చేసిన పని అదే. ఈ సంగతి నేను ఎవరికీ విడమరిచి చెప్పను. ఊరికే వస్తున్న గౌరవాన్ని చేతులారా పాడు చేసుకోవడం ఎందుకు?

అది డెబ్భైల చివర. ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఒక మూడంతస్తుల ఇంటి డాబా మీద రేకుల గదిలో ఇద్దరం ఉండేవాళ్లం. నేను సివిల్ సర్వీసు పరీక్షలకి చదువుతున్నాను, కనీసం ఇంటికి రాసే ఉత్తరాల్లో. నాతో ఉన్నవాడిది నల్లగొండ. ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టు. నాకంటే కాస్త పెద్దవాడు, అయినా ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్లం. చిన్నప్పుడే తండ్రి పోయాడు. మెట్రిక్ అయిన నాటి నుంచి ఇల్లంతా వాడి జీతం మీదే నడుస్తోంది. అది చాలక, ఆఫీసు అయ్యాక ఒక వకీలు దగ్గర కూర్చుని మళ్లీ టైపు కొట్టేవాడు. ఎండాకాలం ఆ లూ వడగాలికి ఎదురు తొక్కుకుంటూ వచ్చి, దొంగల భయానికి సైకిల్ని మూడంతస్తులూ భుజాన మోసి, గోడకి చేరేసి, "ఇగ నాతోని కాదురా" అని చతికిలబడేవాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ భుజాన వేసుకుని దిగేవాడు.

కొండలకి పోదామన్నది వాడే. వాళ్ల ఆఫీసులో ఆ కొండల నుంచి వచ్చిన ప్యూను ఒకడు చెప్పాడట. రామ్‌గఢ్ పైన కనుమ దగ్గర సైకిలెక్కి కూర్చుంటే కింద కాఠ్‌గోదాం దాకా పెడల్ తొక్కే పనే ఉండదని, పొద్దున బయల్దేరితే దారంతా దిగుడేనని. ఆ మాట విన్న దగ్గర్నుంచి వీడికి నిద్ర లేదు.

"మరి పైకి ఎక్కేదెలా?" అన్నాను.

"తోసుకుంట పోదాం. నాలుగు దినాలైతదో, అయిదు దినాలైతదో. ఎన్నయితే నాకేంది? పుట్టిన కాన్నుంచి తొక్కుడే అయితుంది. ఒక్క దినం తొక్కకుంట పోవాలెరా. అది నన్ను మోసుకపోవాలె, నేను కూసోవాలె. అంతే."

వాడు నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. సరే అన్నాను.

మాతో ఇంకో ఇద్దరు కలిశారు. కంటోన్మెంటులో వీడి దూరపు చుట్టం ఒక సుబేదారు గారు ఉండేవారు. ఆయన కొడుకులిద్దరూ కాలేజీలో చదువుతున్నారు. పుట్టింది పెరిగింది మిలిటరీ క్వార్టర్లలోనే కాబట్టి మనం తెలుగులో ఏమన్నా అర్థమయ్యేది గానీ జవాబు మాత్రం హిందీలో వచ్చేది. పాత కాన్వాసు డేరా ఒకటి వాళ్లే తెచ్చారు. "పిల్లలు జాగ్రత్త, నీదే పూచీ" అని సుబేదారు గారు మావాడి చేతుల్లో పెట్టి పంపారు.

సామాన్లు సర్దేటప్పుడు మా ఇద్దరికీ గొడవైంది. నేను బందరు వాణ్ని. మే నెలలో ఎవరైనా రగ్గు మోసుకెళతారా అన్నాను. ఢిల్లీ అప్పుడు పెనంలా మాడిపోతోంది. నేను ఒక నూలు దుప్పటీ, ఒక ఆవకాయ జాడీ కట్టుకున్నాను.

"జాడీ మోస్తవు గని రగ్గు మొయ్యవా? కొండమీద సలి ఉంటదిరా."

"ఆవకాయ ఉండగా చలేంటి?" అన్నాను. అప్పట్లో నాకు ఇలాంటి జవాబులు తడుముకోకుండా వచ్చేవి.

హల్ద్వానీ దాకా సైకిళ్లు బస్సు టాపు మీద వచ్చాయి. కాఠ్‌గోదాం దాటగానే రోడ్డు పైకి తిరిగింది, మేం దిగి తోయడం మొదలుపెట్టాం. పక్కనుంచి పోతున్న ప్రతి లారీవాడూ తల బయటపెట్టి "పంక్చర్ హై క్యా?" అని అడిగేవాడు. నాలుగు సైకిళ్లూ ఒకేసారి పంక్చరెలా అవుతాయన్న అనుమానం ఎవరికీ రాలేదు. మొదట్లో కాదని చెప్పేవాళ్లం. తర్వాత తర్వాత అవునని తలూపేవాళ్లం. భీమ్‌తాల్ చెరువు ఒడ్డున డేరా వేసి, కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వండుకుని, ఆవకాయ కలుపుకుని తిన్నాం. సుబేదారు గారి చిన్నవాడికి కళ్లనీళ్లొచ్చాయి, అయినా ఇంకో ముద్ద పెట్టమన్నాడు. అంత రుచిగా నేను మళ్లీ ఎప్పుడూ తినలేదు.

ఆ వారంలో నాకు బాగా గుర్తున్నది మాత్రం మావాడి నడక. నాలుగడుగులు తోయడం, ఆగడం, వెనక్కి తిరిగి మేం ఎక్కి వచ్చిన రోడ్డును చూడడం. "ఈడ కంకర ఉన్నది, కొంచెం లోపటికెల్లి రావాలె." "ఈ మలుపుకాడ బ్రేకు ముందుగాల్నే పట్టాలె." దారిని కింది నుంచి పైకి నడుస్తూ పైనుంచి కిందికి చదువుకుంటున్నాడు. నేను పరీక్షలకి అంత శ్రద్ధగా ఎప్పుడూ చదవలేదు. దారిలో అక్కడక్కడ రోడ్డు కాస్త పల్లానికి దిగేది. మేం ముగ్గురం గబుక్కున ఎక్కేసి జారిపోయేవాళ్లం. వాడు మాత్రం ఎక్కేవాడు కాదు, హ్యాండిల్ పట్టుకుని నడిచే వచ్చేవాడు.

"ఎక్కరా, ఎవరైనా వద్దన్నారా?" అంటే, "ఇప్పుడే రుచి సూస్తే ఎట్ల? పైకి పోయినంక ఒక్కసారే" అనేవాడు.

కనుమ చేరిన రోజు ఆకాశం తేటగా ఉంది. దూరాన మంచుకొండలు వరసగా కనిపించాయి. మేం ముగ్గురం వాటిని చూస్తుంటే వాడు వాటికి వీపు పెట్టి కూర్చుని నాలుగు సైకిళ్లకీ బ్రేకు రబ్బర్లు మార్చాడు. కొత్త రబ్బర్లు కరోల్ బాగ్‌లోనే కొని పొట్లం కట్టి తెచ్చుకున్నాడు. చెయ్యి తుడుచుకుంటూ, "ఇగ రేపే" అన్నాడు. వాడి ముఖంలో అంత సంతోషం నేను రేకుల గదిలో ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. ముందు వాన, తర్వాత వడగళ్లు. డేరా తాడు తెగి మా మీదే కూలింది. నా నూలు దుప్పటి పిండితే నీళ్లు కారాయి. వాడు తన రగ్గు తీసి నాకు చుట్టాడు. నేను వద్దన్నాను గానీ పళ్లు టకటకలాడుతుంటే ఆ మాట సరిగా పలకలేదు. తెల్లారేసరికి నాకు ఒళ్లు కాలిపోతోంది. లేచి నిలబడితే కాళ్లు నిలవలేదు. పక్కన టీ కొట్టాయన వచ్చి చూసి, కాసేపట్లో హల్ద్వానీ బస్సు వస్తుంది, కింద డాక్టర్లున్నారు, ఎక్కించెయ్యండి అన్నాడు.

సుబేదారు గారి పెద్దవాడు నాకు తోడుగా బస్సులో వస్తానని ముందుకొచ్చాడు. "మై జాతా హూఁ ఇన్‌కే సాథ్, భయ్యా. ఆప్ సైకిల్ సే ఆయియే."

"ఎవరూ రావద్దు. నేనొక్కణ్నే పోతాను. హల్ద్వానీ బస్టాండులో కూర్చుంటాను, మీరు దిగి రండి" అన్నాను. మర్యాదకి అన్న మాట కాదది. వాణ్ని ఆ దారి దిగనివ్వాలని నాకు నిజంగానే ఉంది. నాకు అంత గట్టిగా ఏదైనా కావాలనిపించడమే అరుదు.

వాడు నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు, తర్వాత మెడ మీద పెట్టాడు. బస్సు ఆగగానే క్లీనర్ని కేకేసి, "భయ్యా, దో సైకిల్ ఊపర్" అని నా సైకిలూ తన సైకిలూ చూపించాడు. అన్నదమ్ముల వైపు తిరిగి, ఏ మలుపులో ఏముందో, ఎక్కడ కంకర ఉందో, ఎక్కడ ముందుగా బ్రేకు పట్టాలో అంతా అప్పజెప్పాడు. "నిమ్మలంగ దిగుండ్రి. మలుపులకాడ బెల్ కొట్టుండ్రి." అయిదు రోజులుగా దాచుకున్నదంతా అలా రోడ్డు పక్కన నిలబడి వాళ్లకి ఇచ్చేశాడు.

బస్సులో వాడు కిటికీ దగ్గర, నేను వాడి భుజం మీద తల వాల్చి. కొంత దూరం పోయాక డ్రైవరు ఇంజను ఆపేశాడు. డీజిల్ మిగుల్చుకోవడానికి ఆ రోజుల్లో దిగుడు దారిలో అలా ఆపేసేవాళ్లు. బస్సు చప్పుడు లేకుండా దానంతటదే జారిపోతోంది.

"ఇంజన్ బంద్ చేసిండు సూడు," అన్నాడు. "ఇది గూడ తొక్కకుంటనే పోతుంది."

నన్ను నవ్వించడానికే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

భవాలీలో బస్సు ఆగి జనాన్ని ఎక్కించుకుంటుంటే అన్నదమ్ములిద్దరూ బెల్లులు మోగించుకుంటూ పక్కనుంచి దూసుకుపోయారు. కాళ్లు రెండూ పెడళ్ల మీద నుంచి తీసి గాలిలో చాపారు. "భయ్యా!" అని అరిచారు. వాడు కిటికీలోంచి సగం బయటికి వంగి చెయ్యి ఊపాడు. వాళ్లు మలుపు తిరిగాక వెనక్కి వచ్చి కూర్చున్నాడు. అక్కడి నుంచి కాఠ్‌గోదాం దాకా వాడి చేతులు రెండూ ముందు సీటు కడ్డీ మీద ఉన్నాయి. మలుపు వచ్చిన ప్రతిసారీ వాడి వేళ్లు బిగిశాయి, మలుపు దాటగానే వదిలాయి. అంత జ్వరంలోనూ నాకది కనిపించింది. అప్పుడు నాకు వాడి మీద కోపం వచ్చింది. నేనడగందే నాకెందుకిచ్చావురా, ఇది నేనెక్కడ పెట్టుకోను, అనిపించింది.

హల్ద్వానీలో డాక్టరు సూదిమందు ఇచ్చాడు. జ్వరం తగ్గాక ఢిల్లీ చేరాం. గోడకి సైకిలు చేరేస్తూ, "వచ్చే ఏడు పోదాం తియ్యి" అన్నాడు.

వచ్చే ఏడు సుబేదారు గారి పెద్దవాడు మిలిటరీలో చేరాడు. ఆ తర్వాతి ఏడు నాకు సివిల్ సర్వీసు రాదని అందరికంటే చివరగా నాకు తెలిసొచ్చి, బ్యాంకు ఉద్యోగంలో విశాఖపట్నం వెళ్లిపోయాను. వీడికి తమ్ముడి చదువు మీదపడింది, తర్వాత వీడి పెళ్లొచ్చింది, తర్వాత పిల్లలు. సెలవు దొరికితే నల్లగొండ పరుగెత్తడానికే సరిపోయేది. ఉత్తరం రాసినప్పుడల్లా ఇద్దరం చివర్లో ఆ మాట రాసుకునేవాళ్లం, వచ్చే ఏడు తప్పకుండా అని. రాసీ రాసీ అది క్షేమ సమాచారాల్లో కలిసిపోయింది. ఒక్క ఏడన్నా టికెట్టు కొనుక్కుని వెళ్లి, పదరా అని లాక్కుపోయి ఉంటే ఎంత బాగుండేదో ఇప్పుడు అనుకుంటాను. అనుకుని ఏం లాభం?

ఎనభైల చివర్లో బ్యాంకు పని మీద ఢిల్లీ వెళ్లి వాడింట్లో దిగాను. యమున దాటాక లక్ష్మీ నగర్‌లో రెండు గదులు. వాళ్లమ్మాయిని పలకరిస్తే "నమస్తే అంకుల్, పాపా అభీ ఆయేంగే" అంది. అన్నట్టే కాసేపటికి వాడు వచ్చాడు. బాగా చిక్కాడు. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. చలికాలం పొగమంచు పడక ఆయాసం పట్టుకుందట.

"మరి కొండలు?" అన్నాను, నవ్వుతూనే.

"డాక్టర్ వద్దన్నడురా. ఎత్తుమీద గాలి సాలదంట నాకు." అదేదో రేషను కార్డు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. నేను వాళ్లమ్మాయి తెచ్చిన టీ తాగాను. ఏం తాగానో తెలియలేదు.

సాయంత్రం, "రా, ఒకటి సూపిస్త" అని సైకిలు తీశాడు. అదే సైకిలు. రంగు పోయింది, సీటు మారింది. ఇద్దరం నడుచుకుంటూ వెళ్లాం. రైలు పట్టాల మీదుగా కొత్తగా ఫ్లైఓవర్ కట్టారు. కింద పట్టాలు దాటి దాని అవతలి కొసకి వెళ్లి, అక్కణ్నుంచి ఇంటివైపు వాడు సైకిల్ తోయడం మొదలుపెట్టాడు. నేను తోస్తానంటే ఇవ్వలేదు. మధ్యలో ఆగినప్పుడల్లా నాకు రైళ్లు చూపించాడు. రైళ్లు చూపించడానికి ఆగలేదని ఇద్దరికీ తెలుసు.

పైకి చేరాక, "రోజూ ఆఫీసు నుంచి ఇట్లనే వస్త" అన్నాడు. "గీడిదాక తోసుకుంట. ఎనక కూసో."

"ఇద్దరి బరువురా."

"బరువుంటెనే మంచిగ దిగుతది."

క్యారియరు మీద కూర్చున్నాను. వాడు ఒక్క తోపు తోసి ఎక్కాడు. సైకిలు జారింది. వాడు కాళ్లు రెండూ పెడళ్ల మీద నుంచి తీసి పక్కలకి చాపాడు. చొక్కా గాలికి ఉబ్బి నా ముఖానికి తగిలింది. బస్సులు, స్కూటర్లు హారన్లు కొడుతున్నాయి. వాడు వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఇంకొంచెం పొడుగుండకూడదా ఈ బ్రిడ్జి అనుకున్నాను. అనుకునేలోపే కింద ఎర్రలైటు కనిపించింది.

రోడ్డు చదునైంది. సైకిలు నెమ్మదించింది. వాడు కాళ్లు మళ్లీ పెడళ్ల మీద పెట్టాడు.

"ఆపరా, దిగుతాను. నేను నడిచొస్తాను" అన్నాను.

"కూసో." మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. "అప్పుడు గూడ... ఒక్కణ్నే పోతనన్నవు."

వాడి వీపు ముందుకి వంగింది. నేను చొక్కా పట్టుకుని కూర్చున్నాను. నన్ను మోసుకుంటూ ఇంటిదాకా తొక్కాడు.