బాగా బిగించి పంపిన ఇంజను

మా వైపు కొత్తగా మిరప నారు నాటిన చేనుకి నీళ్ళు తోడే ఇంజను అడిగితే లేదనకూడదు. మాటల్లేని ఇంటివాళ్ళైనా సరే, మొక్క వాడుతోందంటే ఇచ్చి తీరాలి. ఈ పద్ధతి మంచిదే, నేను కాదనను. కానీ తీసుకెళ్ళిన ఇంజనుని ఎలా తిరిగివ్వాలన్న దానికి మాత్రం మా ఊళ్ళో ఎవరూ పద్ధతి పెట్టలేదు. నా కడుపుమంటంతా అక్కడే.

మా ఇంజను పాతది. పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరసనాయిలు మీద నడిపే రకం. ఇప్పుడు రేషన్ షాపులో కిరసనాయిలు ఇవ్వడం లేదు కాబట్టి పూర్తిగా పెట్రోలే తాగుతుంది. మా ఆయన ఉన్నప్పుడు దాన్ని మున్నేటి ఒడ్డున పెట్టి నీళ్ళు తోడేవారు. ఆయన పోయాక అది మా చేలో కంటే మా బావగారి చేలోనే ఎక్కువ తిరిగింది. బావగారంటే మా ఆయన అన్నగారు, ఆయన చేను మా పక్కదే. నన్ను ఒక్క మాట అడగడం కూడా ఉండేది కాదు. ట్రాక్టరు పంపి తోలించుకుపోయేవారు. తిరిగి పంపేటప్పుడు మాత్రం ఏదో మేలు చేసినట్టు ఒక కబురు వచ్చేది, బాగా బిగించి పంపానని.

ఆ బిగింపే దాని కొంప ముంచింది. ఇంజనుకి పెట్రోలూ గాలీ కలిపి అందించేది కార్బొరేటర్. కార్బొరేటర్‌ని ఇంజనుకి పట్టి ఉంచేవి రెండే నట్లు, అటొకటి, ఇటొకటి. ఇంజను కాస్త తడబడితే చాలు, మా వాళ్ళు ముందు ఆ నట్ల మీద పడతారు. పానాకి గొట్టం తొడిగి మరీ తిప్పుతారు. అదేమన్నా ఎడ్లబండి ఇరుసా? మెత్తటి లోహం. బిగించిన కొద్దీ నట్లు పట్టే రెండు చెవులూ ఇంజను వైపు వంగి, నడుమ సందు పడుతుంది. ఆ సందులోంచి గాలి లాగుతుంది. గాలి లాగితే ఇంజను కాసేపు గుర్రుమని పెద్దగా అరిచి, ఠక్కున ఆగిపోతుంది. ఆగిందని మళ్ళీ బిగిస్తారు. అప్పటికీ వినకపోతే ఆ సందులో ఒంటి సబ్బు మెత్తుతారు. మా కార్బొరేటర్ ఊడదీసినప్పుడు దాని అంచున ఎంత సబ్బు పేరుకుందో చూస్తే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఊడదీయాల్సిన అవసరం కిందటి వానాకాలం వచ్చింది. నాట్లు వేసే ముందు బావగారు మా ఇంటికొచ్చి, అందరూ వింటుండగా ఒక తీర్పు చెప్పారు. ఆడమనిషి వ్యవసాయం ఎన్నాళ్ళో సాగదనీ, ఈ ఏడు నారు నిలబడితే నా చేను నేనే చేసుకోవచ్చనీ, నిలబడకపోతే కౌలుకి తనకి ఇచ్చెయ్యాలనీ. మా ఇంట్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడి మాట్లాడదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను ఆయనకి ఏం చెప్పినా తలుపు చాటునుంచే. అలాగేనండీ అని తలుపు చాటునుంచే అన్నాను. నా చేను గురించి నేను తలుపుకి చెప్పుకున్నట్టుంది ఆ మాట.

నారు నాటామో లేదో మా బోర్లకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. వాన మొహం చాటేసింది. ఇంజను బయటికి తీస్తే అరిచి అరిచి ఆగిపోయింది. కూలీలని పెట్టి బిందెలతో మొక్క మొదట్లో చెంబెడేసి నీళ్ళు పోయిస్తూ, కార్బొరేటర్ సంచిలో వేసుకుని నందిగామ బస్సెక్కాను.

అక్కడ రిపేరు షాపులో కూర్చున్నాయన కార్బొరేటర్ని చూడకుండా నన్ను చూశాడు. ఇంట్లో మగాళ్ళెవరూ లేరాండీ అన్నాడు. నేను తెచ్చింది కార్బొరేటరు, పెళ్ళిసంబంధం కాదు అన్నాను. మొహం ముడుచుకుని దానిలోకి గాలి కొట్టి, ఇంటికెళ్ళి గట్టిగా బిగించుకోమని చేతిలో పెట్టాడు. ఇక్కడా బిగింపే! అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికి పోకుండా జగ్గయ్యపేట బస్సెక్కాను.

పేటలో పాత సామాను అమ్మే షాపతను కాస్త నయం. దాన్ని కౌంటరు అద్దం మీద బోర్లించి, వంగి చూడమన్నాడు. చెవులు రెండే ఆనాయి, నడుమ వెలుతురు కనపడుతోంది. కొత్తది దొరకదు, పాత ఇనుము కింద వేసెయ్యమన్నాడు. సాపు చెయ్యడానికి వీల్లేదా అని అడిగితే, అద్దం మీద గరుకు ఎమ్రీ పేపరు పరిచి రుద్దితే అవుతుంది గానీ అంతసేపు కూర్చుని ఎవరు రుద్దుతారండీ అని నవ్వాడు. ఎవరు రుద్దుతారా? ఇన్నేళ్ళూ మా ఇళ్ళల్లో పప్పులు ఎవరు రుబ్బారు, గిన్నెలు ఎవరు తోమారు? ఆ మాట అతనితో అనలేదు. ఎమ్రీ పేపర్లు కొనుక్కుని వచ్చేశాను.

టీపాయ్ మీది మందపాటి అద్దం తీసి నేల మీద పెట్టి, పేపరు తడిపి పరిచి, కార్బొరేటర్ని గుండ్రంగా తిప్పుతూ రుద్దడం మొదలుపెట్టాను. ముందు చెవులు మాత్రమే మెరిశాయి, నడుమ అంతా నల్లగానే ఉంది. భుజం లాగేస్తోంది. చెయ్యి ఆగబోయినప్పుడల్లా కౌలు మాట గుర్తొచ్చేది, మళ్ళీ రుద్దేదాన్ని. మెరుపు కొంచెం కొంచెంగా నడిమికి పాకి, చివరికి అంచంతా ఒకే రంగుకి వచ్చింది. అద్దం మీద బోర్లిస్తే వెలుతురు కనపడలేదు. ఇంజనుకీ దానికీ నడుమ పెట్టే ప్యాకింగుకి దళసరి అట్ట కావాలి. బావగారి కూతురి శుభలేఖ చేతికందింది, దాన్నే కత్తిరించాను. నట్లు రెండూ వేళ్ళతో తిప్పి, ఆ తర్వాత పానాతో ఇటు కొంచెం అటు కొంచెం బిగించి ఊరుకున్నాను. అంతే. అంతకు మించి దానికేమీ అక్కర్లేదు.

మున్నేటి ఒడ్డున తాడు లాగితే ఇంజను అందుకుంది. అరవలేదు, ఆగలేదు. నీళ్ళు చేలోకి పారుతుంటే గట్టు మీద కూర్చుని ఏడ్చాను. సంతోషం కంటే ఒళ్ళుమంటే ఎక్కువ. ఇంత చిన్న పనికి నా పొలం పోయేదా అని.

నా మొక్కలు తలెత్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఇంకా రాలేదు. దాంతో బావగారి నారు వాడిపోవడం మొదలైంది. ఈసారి ట్రాక్టరుతో పాటు ఆయనే వచ్చారు. పద్ధతి పద్ధతే, ఇంజను ఇస్తానని కబురు చెప్పి పంపాను. తలుపు చాటునుంచి చూస్తున్నాను. ఆయన వాకిట్లో ఉన్న ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి, ట్రాలీలోంచి పానా, గొట్టం తీసి, వంగి కార్బొరేటర్ నట్టుకి తగిలించారు.

నేను తలుపు దాటి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"చెయ్యి తియ్యండి బావగారూ."

ఆయన తలెత్తి నన్ను చూశారు. నా గొంతు నేరుగా విని ఎరగరు కదా, ఎవరో అనుకున్నట్టున్నారు. పానా తీసి కింద పెట్టారు.

"ఇంజను తీసుకెళ్ళండి. దాంతోపాటు నేనూ వస్తా. దాని మీద చెయ్యి వేసేది నేనొక్కదాన్నే. కౌలు మాట ఇంక ఎత్తకండి."

ఆయన ఇంజను ట్రాలీ ఎక్కించారు. ఆ పానా తీసుకుని నేనూ ఎక్కాను.