ఒక్క వాక్యంలో పోయినవాడు

జైల్లో అతనికి అబ్బిన విద్యలు రెండు: చిరిగిన పుస్తకాలు కుట్టడం, కుట్టే ముందు వాటిని చదవడం. అంతకుముందు లారీ మెకానిక్కు. ఒక సాయంత్రం గ్యారేజీలో మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న రెంచీతో తోటి మెకానిక్కును కొట్టాడు. దెబ్బ తిన్నవాడు అతని చిన్నప్పటి స్నేహితుడే. మళ్ళీ లేవలేదు.

శిక్ష ముగిసి బయటికొచ్చేసరికి తల్లి లేదు. చెల్లెలు గుమ్మంలోనే మంచినీళ్ళిచ్చింది.

"పిల్లలు పెద్దాళ్ళయ్యారు అన్నయ్యా. ఎవరని అడిగితే ఏం చెప్పను?" అంది కళ్ళొత్తుకుంటూ.

ఆమె తప్పేమీ లేదనుకున్నాడు. నీళ్ళు తాగి వచ్చేశాడు.

పనిచ్చే నాథుడు దొరక్క, జిరాక్సు షాపు వెనక ఒక ఇరుకు గది అద్దెకు తీసుకున్నాడు. పాత ఇనుము కొట్లో పడున్న కాగితాలు బిగించే మరను బాగుచేసుకుని, బైండింగు షాపు పెట్టాడు. మెకానిక్కు చెయ్యి కదా, మర చెప్పిన మాట విన్నది. గిరాకీయే వినలేదు. చాన్నాళ్ళు ఈగలు తోలుకున్నాక, ఆఫీసు ఫైళ్ళూ కాలేజీ రికార్డులూ రావడం మొదలైంది. వీధికంతా అతను 'బైండరు'. అంతకుమించి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఒంటికాయ సొంఠికొమ్ములా బతికాడు. ఆదివారాలు మరీ కష్టం. నోరు తెరవాల్సిన అవసరమే వచ్చేది కాదు.

ఆ ఆదివారాల్లోనే, కత్తిరించగా మిగిలిన కాగితాల మీద జైలు సంగతులు రాసుకున్నాడు. అవి పుస్తకమంత అయ్యాయి. ప్రెస్సు యజమాని చదివి ఎగిరి గంతేశాడు.

"మీ ఫోటో వేసి, 'హంతకుడి కథ' అని పెడదాం. ఎగరేసుకుపోతారు!"

"నా చేత్తో పోయినోణ్ణి నేనే అమ్ముకోలేనండీ," అన్నాడు బైండరు. తన ఖర్చుతో కొన్ని ప్రతులే అచ్చు వేయించి, తనే కుట్టుకుని, షాపు బల్ల మీద పెట్టుకున్నాడు. అడిగినవాళ్ళకి ఇచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం, నెరిసిన జుట్టున్న ఒకామె ఆ పుస్తకం చేత్తో పట్టుకునే వచ్చింది. చచ్చిపోయిన స్నేహితుడి భార్య. అతను సూది బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు.

"వదినా..."

"ఆ పిలుపొద్దు. ఇన్ని పేజీలు రాశావు. ఆయనకి ఒకే ఒక్క వాక్యమా? 'నా చేతిలో ఒక మనిషి పోయాడు' అనా?"

"ఆయన గురించి రాసే అర్హత నాకు లేదనుకున్నా."

"లేదు. కానీ నాకంటే ముందునుంచీ ఆయన్ని ఎరిగినోడివి నువ్వే. ఆయన చిన్నప్పుడు ఎలా నవ్వేవాడో నాకు తెలీదు. ఇప్పుడు ఎవర్నడగను?"

అతను తలొంచుకున్నాడు. "రాస్తే... చదువుతారా?"

"చదువుతా. క్షమించానని మాత్రం అనుకోకు."

రాయడం మొదలుపెట్టాక తెలిసింది, అదెంత బరువో. కాలవలో ఈత నేర్పినవాడు, ఇంజను చప్పుడు విని రోగం చెప్పినవాడు, తల దువ్వుకోందే ఫోటో దిగనివాడు ఎదురుగా వచ్చి కూర్చునేవాడు. ఒక్కోసారి నవ్వొచ్చేది. నవ్వుతున్నది ఆ స్నేహితుణ్ణి చంపిన తనేనని గుర్తొచ్చి, కలం పక్కన పడేసేవాడు.

ఆమె వచ్చి, నిలబడే చదివేది. "ఆ చొక్కా నీలంది కాదు, బూడిదరంగుది," అని దిద్ది వెళ్ళిపోయేది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

రెండో పుస్తకానికి అతను స్నేహితుడి పేరే పెట్టాడు. కుట్టిన మొదటి ప్రతిని ఆమె కొంగులో చుట్టుకుని తీసుకెళ్ళింది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

షాపు బాగానే నడుస్తోంది. చెల్లెలికి కూడా ఒక ప్రతి పంపాడు. జవాబు ఇంకా రాలేదు.