ఆకు వేయని తరవాణి

దయ్యాల కథలు చెప్పడమే గాని నమ్మడం నాకు చేతకాదు. స్వయంగా అల్లేవాడికి భయమెక్కడిది? ఈ బెంగాలీ మహానగరంలో, ఏక్‌బాల్‌పూర్‌లోని మా తెలుగువాళ్ళ బస్తీలో కరెంటు పోతే పిల్లలంతా నా చుట్టూ చేరేవారు. ఇంత కోతలరాయుణ్ణి కాబట్టే ఈ ఒక్క నిజాన్నీ ఎవరిచేతా నమ్మించలేకపోతున్నాను.

ఎర్రజెండా ప్రభుత్వం చివరి రోజులవి. నేనొక ప్రయోగశాలలో టెక్నీషియన్ని. నగరానికి తూర్పున మురుగునీటితో చేపలు పెంచే చెరువుల్లోంచి బురద తెచ్చేవాళ్ళం. అందులోని సూక్ష్మజీవులన్నీ కలిసి ఏం వండుతున్నాయో చూడటం మా పని. అవి వదిలిన ఆమ్లాల్నీ చక్కెరల్నీ వాసనల్నీ యంత్రం విడదీసి, తెరమీద శిఖరాలుగా గీస్తుంది. ఏ రెండు చెరువుల గీతా ఒకలా ఉండదు.

ఓసారి సరదాకి మా అమ్మ చేసిన తరవాణి పట్టుకెళ్ళి ఆ యంత్రానికి పెట్టాను. కుండలో అన్నం, గంజి కలిసి పులిసిన నీళ్ళవి; అదీ సూక్ష్మజీవుల ఊరే కదా. అమ్మ ఆ కుండని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయలేదు. అడుగున కొంచెం ఉంచి మళ్ళీ పోసేది. తాగే ముందు శ్రీకాకుళంలో అయితే దబ్బాకు నలిపేవారట, ఇక్కడ గంధరాజ నిమ్మాకు. గీతలో అన్నిటికంటే ఎత్తుగా లేచింది ఆ ఆకు వాసనే.

"అమ్మా, నీ తరవాణికి మా యంత్రం లొట్టలేసిందే" అన్నాను ఇంటికొచ్చి.

"ఏటిరా, మళ్ళీ కోతలా? సర్లే, అంతా నాను సేసీసినాను. ఆకొక్కటీ నువ్వు కోసుకురా."

రోజూ అదే మాట. గుమ్మం పక్క రేకు డబ్బాలో పెరిగే మొక్క నుంచి ఆకు తుంచడం చిన్నప్పట్నుంచీ నా వంతు.

ఆ చలికాలం అమ్మ పోయింది. పెదకర్మనాడు మైల కుండలు పారేయడం మా ఆనవాయితీ. నేను గంగ ఒడ్డున గుండు గీయించుకుంటుంటే, మా పిన్ని తరవాణి కుండని కూడా వాటితో పాటే పగలగొట్టేసింది. ఆవిడని అనడానికేం లేదు. తర్వాత అవే బియ్యం, అవే నీళ్ళు, కొత్త కుండ పెట్టి ఎన్నిసార్లు చేశానో. ఓసారి కుళ్ళేది, ఓసారి చేదెక్కేది. యంత్రానికి పెడితే ఎవరిదో గీత వచ్చేది. విసిగి మానేశాను. ఇంట్లో నా కోతలు వినే మనిషి కూడా లేదిక.

అలాంటప్పుడే ఒక బంద్ వచ్చింది. ముందురోజు సాయంత్రమే ప్రయోగశాలకి వెళ్ళి పడుకున్నాను. ఎక్కడున్నా ఒక్కణ్ణే కదా. బంద్ నాడు మధ్యాహ్నం రోడ్డు మీద కాకుల గోల తప్ప ఇంకేం లేదు. యంత్రం శుభ్రంగా ఉందో లేదో చూద్దామని ఒట్టి ద్రావకమున్న సీసా పెట్టాను. దాన్ని బ్లాంక్ అంటాం. గీత నేలబారుగా రావాలి.

లేచింది. ఒక్కొక్క శిఖరమే లేచింది. ఆ వరస నాకు కంఠతా వచ్చు. అమ్మ తరవాణి.

అన్నీ ఉన్నాయి, ఆకు లేదు. అన్నిటికంటే ఎత్తుగా ఉండాల్సిన చోట చదునుగా ఉంది.

అదే సీసా మళ్ళీ పెట్టాను. ఈసారి ఏమీ రాలేదు.

మర్నాడు, నాతో పనిచేసే మృణాల్‌కి చెప్పాను.

"ధుర్, రావు దాదా! పాత తరవాణి లోపలెక్కడో అంటుకుని ఉంటుంది" అని నవ్వాడు.

పాతదే మిగిలుంటే ముందు ఆకే కనబడాలి కదా? పైగా అమ్మ పోయాక లోపలి గొట్టమే మార్చాం. ఆకు వేయని తరవాణిని ఆ యంత్రానికి నేనెప్పుడూ పెట్టలేదు. ఇదంతా చెబితే మృణాల్ టీ ఊదుకుంటూ, కథ బాగుంది దాదా, అన్నాడు.

అంతకుముందు, ఆ బంద్ రోజునే, గీత చూశాక బస్సుల్లేక నడిచే ఇంటికి వెళ్ళాను. గుమ్మం దగ్గర ఆగి, నా వంతు ఆకు తుంచాను. వేయడానికి తరవాణి లేదు. ఆకు పట్టుకుని వంటింట్లో చాలాసేపు నిలబడి, చివరికి గ్లాసుడు కుళాయినీళ్ళలో నలిపి తాగాను.

ఆ గీత ఎలా వచ్చిందో ఇన్నేళ్ళైనా నాకు అంతుపట్టలేదు. ఆ నీళ్ళు ఏ రుచిలో ఉన్నాయో మాత్రం చెప్పను. అదీ కోతే అంటారు.